దసరా సెలవుల్లో వియత్నాం: ఈసారికి ఉత్తరం చాలు

ప్రశ్న: మాది విజయవాడ. దసరా సెలవుల్లో, అక్టోబరు రెండో వారంలో 8 రోజులు వియత్నాం వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పదేళ్ల బాబు, 68 ఏళ్ల మా అత్తగారు. ఏజెంటు ఇచ్చిన ప్లాన్‌లో హనోయ్, హా లాంగ్ బే, సాపా, డా నాంగ్, బా నా హిల్స్, హోయ్ ఆన్, సైగాన్, ఫు క్వాక్ అన్నీ ఉన్నాయి. అత్తగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి, మోకాళ్ల నొప్పులున్నాయి. అక్కడి మై సన్ శివాలయాలు చూడాలని ఆవిడ కోరిక. మావారికేమో బైకు అద్దెకు తీసుకుని తిరగాలని. వీసా మేమే తీసుకోవచ్చా? డబ్బు, తిండి సంగతేంటి? టికెట్లు ఇంకా కొనలేదు.

జవాబు: టికెట్లు కొనకముందే అడిగారు, బతికిపోయారు. ఈ ప్లాన్‌లోంచి ముందు డా నాంగ్, బా నా హిల్స్, హోయ్ ఆన్ కొట్టేయండి. తర్వాత ఫు క్వాక్. ఆ తర్వాత సాపా, సైగాన్. ఇంకేం మిగిలింది అంటారేమో, హనోయ్, హా లాంగ్‌లకి దగ్గర్లోని నిన్ బిన్ కలిపితే 8 రోజులు బొటాబొటిగా సరిపోతాయి.

కారణం వాన. ఉత్తరాన హనోయ్ నుంచి దక్షిణాన సైగాన్‌కి రైలు దారి 1,726 కిలోమీటర్లు. అంత పొడుగు దేశంలో అన్నిచోట్లా ఒకేసారి మంచి కాలం రాదు. ఉత్తరాన మే నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరుకి తెరిపి. సరిగ్గా అప్పుడే డా నాంగ్, బా నా హిల్స్, హోయ్ ఆన్ ఉన్న మధ్య భాగానికి ముసురు పట్టుకుంటుంది. ఈశాన్య గాలులు సముద్రం మీంచి తేమను మోసుకొచ్చి, తీరానికి ఆనుకునే ఉన్న కొండలకు కొట్టుకుని అక్కడే కురిపించేస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలంటే ఏమిటో నెల్లూరువాళ్లకి చెప్పక్కర్లేదు, డా నాంగ్‌వాళ్లకీ అంతే. 2025 అక్టోబరు చివర్లో ఆ మధ్య భాగంలోని హుయే, హోయ్ ఆన్ ఊళ్లు రెండూ నీట మునిగాయి. హోయ్ ఆన్ పాతబస్తీ తూ బోన్ నది ఒడ్డునే, పల్లంలో ఉంటుంది. వరదొస్తే, అందరూ లాంతర్లు చూడ్డానికి వెళ్లే ఆ వీధుల్లో పడవలు తిరుగుతాయి. బా నా హిల్స్‌లో రెండు రాతి చేతులు పట్టుకున్నట్టుండే ఆ బంగారు వంతెన 1,400 మీటర్ల ఎత్తున ఉంది. ఆ నెలలో కొండ మీద మబ్బు దిగితే చెయ్యీ కనిపించదు, వంతెనా కనిపించదు. రోప్‌వే టికెట్టు మాత్రం మనిషికి దాదాపు పది లక్షల డాంగ్ (అక్కడి కరెన్సీ), అంటే మూడు వేల రూపాయల పైమాటే.

ఫు క్వాక్ దీవికి అక్టోబరు ఇంకా వానాకాలమే. సముద్రం పోటు మీద ఉంటే చుట్టుపక్కల చిన్న దీవులకి పడవలు వెళ్లవు. సాపాకి హనోయ్ నుంచి బస్సులో పోను 5 నుంచి 6 గంటలు, రాను అంతే. ఫొటోల్లో కనిపించే పచ్చటి, బంగారు రంగు వరిమళ్లు అక్టోబరు రెండో వారానికి చాలామటుకు కోతలైపోయి మోళ్లు మిగులుతాయి. పైగా ఊరంతా ఎగుడుదిగుడు. అత్తగారి మోకాళ్లకి ఆ శిక్ష ఎందుకు?

మన సెలవుల లెక్కలో చెప్పాలంటే, దసరాకి ఉత్తరం, సంక్రాంతికి దక్షిణం, ఎండాకాలం సెలవులకి మధ్య భాగం. జనవరిలో సైగాన్, మెకాంగ్ డెల్టా, ఫు క్వాక్ పొడిగా, హాయిగా ఉంటాయి. అదే జనవరిలో హనోయ్‌లో 15 డిగ్రీల చలి, తెరలు తెరలుగా తుంపర, స్వెట్టర్ లేకుండా కుదరదు. మేలో డా నాంగ్ బీచ్‌లు బ్రహ్మాండంగా ఉంటాయి, కాకపోతే మధ్యాహ్నం ఎండ మన బెజవాడ ఎండకి తీసిపోదు. ఒక్క జాగ్రత్త: జనవరి చివరికీ ఫిబ్రవరి మధ్యకీ నడుమ ఎప్పుడో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం, టెట్ పండగ వారంలో మాత్రం వెళ్లకండి. దుకాణాలు మూసేస్తారు, రైళ్లూ విమానాలూ సొంతూళ్లకి వెళ్లేవాళ్లతో నిండిపోతాయి.

అక్టోబరుకి ఇలా వేసుకోండి. హనోయ్‌లో దిగి 2 రాత్రులు, అక్కణ్నుంచి నిన్ బిన్‌లో 2 రాత్రులు, హా లాంగ్ పడవలో 1 రాత్రి, మళ్లీ హనోయ్‌లో 2 రాత్రులు. విమానం రానూ పోనూ హనోయ్‌కే. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం మీ తేదీలకి దొరికితే దాన్నే పట్టుకోండి. దొరక్కపోతే బ్యాంకాక్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో వెళ్లొచ్చు, కాకపోతే మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉండాలి. రెండు వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో దిగి, ఆ దేశం ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు.

హా లాంగ్‌ని చివరి రోజుకి పెట్టకండి. ఏజెంట్లు చాలామంది అక్కడే పెడతారు. అక్టోబరు తొలి వారాల దాకా తుఫాన్ల బెడద పూర్తిగా పోదు. గాలి హెచ్చరిక వస్తే రేవు అధికారులు పడవల్ని ఆపేస్తారు, ఒక్కోసారి ముందురోజు సాయంత్రం దాకా ఏ సంగతీ తేలదు. వెనకాల రెండు రోజులుంటే వాయిదా వేసుకోవచ్చు. విమానమే ఉంటే డబ్బూ పోయె, చూడ్డమూ పోయె. వాళ్లు ఆపితే ఎందుకాపారని గొడవపడకండి. 2025 జులైలో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి అక్కడ పర్యాటకుల పడవ బోల్తాపడి పదుల మంది చనిపోయారు. బుక్ చేసేటప్పుడే, వాతావరణం వల్ల రద్దయితే పూర్తి డబ్బు వాపసిస్తారా, వేరే తేదీ మాత్రమే ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ముందుగా హనోయ్ సంగతి. మకాం పాతబస్తీలో పెట్టుకుంటే అన్నీ నడక దూరంలో ఉంటాయి. కానీ అక్కడి ఇళ్లు వీధివైపు మూడు నాలుగు మీటర్లే వెడల్పు, లోపలికి పొడుగ్గా గొట్టాల్లా ఉంటాయి. హోటళ్లూ అవే కొలతలు. అందుకని బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగాల్సిందే: లిఫ్టు ఉందా, గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉందా? చవకగా చూపించే గది చాలాసార్లు కిటికీ లేని గది, లేదా లిఫ్టు లేని ఐదో అంతస్తు. ఇంకో సంగతి, హోవాన్ కియెమ్ చెరువు చుట్టుపక్కల వీధుల్లోకి శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా వాహనాల్ని రానివ్వరు. ఆ సమయంలో దిగితే ట్యాక్సీ మిమ్మల్ని బారికేడ్ దగ్గర వదిలేస్తుంది, అక్కణ్నుంచి పెట్టెలు లాక్కుంటూ అత్తగారితో నడవాలి. శుక్ర, శని రాత్రులు హనోయ్‌లో పడుతుంటే చెరువుకి నాలుగైదు వీధుల అవతల హోటల్ చూడండి.

వియత్నాం స్వాతంత్ర్య నాయకుడు హో చి మిన్ భౌతికకాయం ఉంచిన సమాధి భవనం సోమ, శుక్రవారాల్లో మూసి ఉంటుంది, మిగతా రోజుల్లోనూ పొద్దుటిపూటే. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు. సాహిత్య దేవాలయం (టెంపుల్ ఆఫ్ లిటరేచర్) 1070లో కట్టింది. పరీక్షల్లో నెగ్గిన పండితుల పేర్లు చెక్కిన 82 రాతిఫలకాలు రాతి తాబేళ్ల వీపుల మీద నిలబెట్టి ఉంటాయి. నేల చదును, చెట్ల నీడ, కూర్చోడానికి అరుగులు ఉన్నాయి కాబట్టి అత్తగారికి ఇబ్బంది ఉండదు. బాబుకి నీటి తోలుబొమ్మలాట తప్పక చూపించండి. ఆట 50 నిమిషాలే. చెరువు పక్కనున్న తాంగ్ లాంగ్ థియేటర్‌లో సాయంత్రం ఆటలకి టికెట్లు త్వరగా అయిపోతాయి, ఒకరోజు ముందు కొనుక్కోండి.

రోడ్డు దాటడం మాత్రం నేర్చుకోవాలి. బెంజ్ సర్కిల్ దాటినవాళ్లకి ఇదో లెక్క కాదనుకుంటారు గానీ పద్ధతి వేరు. అక్కడ బైకులు ఆగవు, మీ నడక వేగాన్ని అంచనా వేసుకుని పక్కనుంచి తప్పుకుంటాయి. నిదానంగా, ఒకే వేగంతో నడవాలి. మధ్యలో ఠక్కున ఆగడం, పరుగెత్తడం, అన్నిటికన్నా ముఖ్యంగా వెనక్కి అడుగేయడం చేయొద్దు. కార్లకీ బస్సులకీ ఇది వర్తించదు, వాటిని పోనివ్వాలి.

నిన్ బిన్ హనోయ్‌కి దక్షిణంగా 95 కిలోమీటర్లు, 2 గంటల దారి. తొమ్మిది సీట్ల వ్యాన్లు హోటల్ దగ్గరే ఎక్కించుకుంటాయి. వెనక వరసలో కుదుపు ఎక్కువ కాబట్టి అత్తగారికి మధ్య వరస అడగండి. నలుగురి ఛార్జీ కలిపితే విడిగా కారు పెట్టుకోడానికి పెద్ద తేడా రాదు. అసలు చూడాల్సింది త్రాంగ్ ఆన్, 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సున్నపురాయి కొండల మధ్య, కొండల కింది గుహల్లోంచి తెడ్డు పడవలో తీసుకెళ్తారు. టికెట్టు మనిషికి రెండున్నర లక్షల డాంగ్ దాకా ఉంటుంది. పడవకి నలుగురు, అంటే మీ కుటుంబానికి ఒకటి సరిగ్గా సరిపోతుంది. ప్రయాణం రెండున్నర నుంచి 3 గంటలు, మూడు దారులుంటాయి. మొదటిదానిలో గుహలు ఎక్కువ, పైకప్పు తలకి తగిలేంత కిందికి ఉన్నచోట వంగి కూర్చోవాలి. మీకు రెండోది గానీ మూడోది గానీ నయం. మూడోదానిలో ఒక గుహ కిలోమీటరు పొడవుంటుంది, చీకటంటే భయపడే పిల్లలైతే రెండోదే ఎంచుకోండి. మధ్యలో గుళ్ల దగ్గర ఆపుతారు. దిగడం ఇష్టం లేనివాళ్లు పడవలోనే ఉండొచ్చు. పడవలో బల్ల కిందికి ఉంటుంది, వీపుకి ఆనుకోడానికి సరిగా ఉండదు. మోకాళ్లకన్నా నడుముకే కష్టం, అందుకని గాలి ఊదుకునే దిండు ఒకటి పట్టుకెళ్లండి. పొద్దున 8 గంటలకల్లా రేవులో ఉంటే ఎండా రద్దీ రెండూ తప్పుతాయి. దగ్గర్లోని మువా కొండకి 500 మెట్లు, అక్కడికి మీవారూ బాబూ సాయంత్రం వెళ్లి రావచ్చు. బాయ్ దిన్ పగోడా చాలా పెద్ద ఆవరణ అయినా బ్యాటరీ బండ్లున్నాయి.

నిన్ బిన్ నుంచి హనోయ్‌కి తిరిగి రాకుండా హా లాంగ్‌కి నేరుగా వ్యాన్లున్నాయి, మూడున్నర నాలుగు గంటలు. పడవ ఎక్కించేది మధ్యాహ్నం 12 ప్రాంతంలో కాబట్టి ఉదయం 7కి బయల్దేరాలి. హనోయ్‌కి వెళ్లి మళ్లీ రావడం కన్నా ఇలా వెళ్తే దాదాపు పూట మిగులుతుంది. పడవలో అత్తగారికి కింది అంతస్తు గది అడగండి, మెట్లు నిటారుగా ఉంటాయి. సుంగ్ సోత్ గుహలో ఎక్కడం దిగడం చాలా ఉంది, తి తోప్ దీవి మీద 400 పైచిలుకు మెట్లు. ఆ రెండు చోట్లకీ ఆవిడ వెళ్లకపోయినా నష్టం లేదు, పడవ పైడెక్కు మీంచి కనిపించే కొండల వరసే అక్కడి అసలు అందం.

మై సన్ గురించి ఆవిడకి కాస్త నచ్చజెప్పాలి. అది డా నాంగ్ వైపు, హోయ్ ఆన్‌కి 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. 4వ శతాబ్దంలో, అక్కడి పాత చంపా రాజ్యాన్ని ఏలిన భద్రవర్మ అనే రాజు భద్రేశ్వరుడి పేరిట శివాలయం కట్టించిన చోటు అది. తర్వాత తొమ్మిది శతాబ్దాల పాటు ఒకరి తర్వాత ఒకరు కట్టుకుంటూ పోయారు. శాసనాలు సంస్కృతంలోనూ చామ్ భాషలోనూ ఉన్నాయి. 1969లో అమెరికా బాంబులకి పెద్ద గుడి కూలిపోయింది. మన పురావస్తు శాఖ అక్కడ కొన్ని గుళ్ల మరమ్మతు చేసింది, ఆ పనిలోనే 2020లో 9వ శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది. చూసి తీరాల్సిన చోటే, కానీ అక్టోబరులో కాదు. లోయలో ఉంది, వాన పడితే దారంతా బురద. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. ఉదయం ఆరున్నరకల్లా గేటు దగ్గరుంటే 9 లోపు చూసి బయటపడొచ్చు, ఆ తర్వాత ఇటుక గోడలు సెగలు కక్కుతాయి. గేటు నుంచి లోపలికి బ్యాటరీ బండి ఉంటుంది, కాకపోతే గుడి సముదాయాల మధ్య నడవాలి. ఈసారికి హనోయ్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో చంపా శిల్పాలు చూపించండి.

ఇక వీసా. మీరే తీసుకోవచ్చు, ఏజెంటుతో పనిలేదు. ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకి 50. 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. సైటు చిరునామా ఈవీసా డాట్ గవ్ డాట్ వీఎన్. చివర గవ్ డాట్ వీఎన్ లేనిది ఏదైనా సరే, అచ్చం అలాగే కనిపించినా సరే, దళారీ సైటే. వెతికినప్పుడు ప్రకటనలుగా పైన కనిపించేవి ఎక్కువగా అవే. బాబుకీ విడిగా దరఖాస్తు, విడిగా ఫీజు.

దరఖాస్తు ఎక్కడ చెడుతుందంటే, ముందు పేరు దగ్గర. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణపు గుర్తులతో రెండు వరసలుంటాయి. అందులో వరసగా రెండు బాణాల ముందు ఉన్నది ఇంటిపేరు, తర్వాతది మీ పేరు. ఫారంలో సరిగ్గా అదే రాయండి. ఆధార్‌లో ఎలా ఉంది, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నారా లేదా అన్నవి ఇక్కడ అనవసరం. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, కట్టింది వెనక్కి రాదు. రెండోది ఆ పేజీ ఫొటో. ఫ్లాష్ వేసి తీస్తే ప్లాస్టిక్ పొర మెరిసి ఆ రెండు వరసలూ కనిపించవు, తిప్పి పంపుతారు. కిటికీ పక్కన పగటి వెలుగులో, నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. మనిషి ఫొటోకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్లద్దాలు తీసేయాలి. మూడోది తేదీ. వీసా మీద ఉన్న మొదటి తేదీకి గంట ముందు దిగినా లోపలికి రానివ్వరు, విమానం ఎక్కించే దగ్గరే ఆపేస్తారు. ప్రయాణానికి అటొకటి, ఇటు రెండు రోజులు కలిపి అడగండి. దిగే చోటు నోయ్ బాయ్ విమానాశ్రయం (హనోయ్‌ది) అని ఎంచుకోండి.

మూడు పనిదినాల్లో ఇస్తామంటారు. శని ఆదివారాలు, వాళ్ల సెలవులు ఆ లెక్కలోకి రావు, వెనక్కి పంపితే గడువు మళ్లీ మొదలవుతుంది. మూడు వారాల ముందు వేయండి. ఈమెయిల్‌కి వచ్చే నంబరుతో మీరే సైటులోకెళ్లి చూసుకోవాలి. వచ్చిన కాగితం ఒక్కొక్కరికి రెండేసి ప్రింట్లు తీసుకోండి, హైదరాబాద్‌లో ఎయిర్‌లైన్ కౌంటర్లోనే అడుగుతారు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలన్నది మీకు తెలిసిందే.

డబ్బు దగ్గర సున్నాలు తికమక పెడతాయి. మెనూలో 50 అని ఉంటే 50 వేల డాంగ్ అని. ఆ అంకెని మూడున్నరతో గుణించండి, రూపాయల్లో కాస్త ఎక్కువే వస్తుంది, ఖర్చు లెక్కకి అదే మంచిది. అంటే 50 అంటే 175 లోపు. వీధి హోటల్లో గిన్నెడు ఫో నూడుల్స్ 50 నుంచి 70, కాఫీ 30 నుంచి 50. నోట్లలో 20 వేలదీ 5 లక్షలదీ రెండూ నీలం ఛాయే. రాత్రిపూట ట్యాక్సీలో ఒకటి ఇవ్వబోయి ఇంకొకటి ఇచ్చేవాళ్లు చాలామంది, తేడా దాదాపు 1,600 రూపాయలు. 5 లక్షల నోట్లు విడిగా ఇంకో జేబులో పెట్టుకోవడమే దీనికి విరుగుడు.

రూపాయలు అక్కడ మారవు, మారినా గిట్టదు. యూపీఐని నమ్ముకుని వెళ్లకండి. ఇక్కణ్నుంచే డాలర్లు తీసుకెళ్లండి. 100 డాలర్ల నోటుకి మంచి రేటిస్తారు, మడత పగిలినా పెన్ను గీత ఉన్నా తీసుకోరు. 5,000 డాలర్లు దాటితే కస్టమ్స్‌లో చెప్పాలి. తోడుగా ఒక ఫారెక్స్ కార్డు ఉండనివ్వండి. ఏటీఎం ఒక్కో విత్‌డ్రాకి 20 నుంచి 50 లక్షల డాంగ్ దాకానే ఇస్తుంది. "మీ కరెన్సీలో లెక్కగట్టమంటారా" అని తెర మీద అడిగితే వద్దనండి, ఆ రేటు ఎప్పుడూ మనకి నష్టమే.

ట్యాక్సీకి గ్రాబ్ యాప్, లేదా శాన్ ఎస్సెమ్ (Xanh SM) అనే ఎలక్ట్రిక్ ట్యాక్సీల యాప్. రెండూ విజయవాడలోనే దించుకుని రిజిస్టర్ చేసుకోండి, ఓటీపీ మన నంబరుకి వస్తుంది కాబట్టి అక్కడికెళ్లాక తంటాలు. నలుగురు, సామాను అంటే ఏడు సీట్ల బండి పెట్టండి. నోయ్ బాయ్‌లో బయటికి రాగానే "గ్రాబ్, గ్రాబ్" అంటూ మీదికొచ్చేవాళ్లు గ్రాబ్ కాదు. యాప్‌లో కనిపించే బండి నంబరు కలిస్తేనే ఎక్కండి. పాతబస్తీకి దాదాపు 30 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడున్నర లక్షల డాంగ్ మధ్య అవుతుంది. సైక్లో అంటే మన సైకిల్ రిక్షాలాంటిదే, కాకపోతే ఎక్కినవాళ్లు ముందు కూర్చుంటారు, తొక్కేవాడు వెనక. ఎక్కేముందే ధర కాగితం మీద అన్ని సున్నాలతో రాయించి, మనిషికా బండికా, ఎంతసేపటికి అన్నది కూడా తేల్చుకోండి.

అత్తగారి తిండి గురించి మీరు భయపడుతున్నంత కష్టం లేదు, కానీ నిర్లక్ష్యం చేస్తే పస్తే. అక్కడ కూరగాయల వంటల్లో కూడా చేపల సాస్ పడుతుంది, నూడుల్స్ రసం ఎముకలతో మరిగించిందే. ముక్కలు తీసి ఇవ్వమంటే తీసి ఇస్తారు, రసం అదే. కాబట్టి మామూలు హోటల్లో "మాంసం లేకుండా" అనడం చాలదు. బోర్డు మీద "చయ్" (chay) అన్న మాట ఉన్న దుకాణం వెతకండి, అది బౌద్ధుల శాకాహారం. మ్యాప్‌లో కొడితే హనోయ్‌లో చాలా కనిపిస్తాయి, నిన్ బిన్‌లో బాయ్ దిన్ పరిసరాల్లో కూడా దొరుకుతాయి. నెలలో అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో వాళ్లలో చాలామంది చయ్ తింటారు, ఆ రోజుల్లో మామూలు దుకాణాలు కూడా వండుతాయి. ఆ వంటలో ఉల్లి, వెల్లుల్లి మానే ఆచారం కూడా ఉంది, అత్తగారికి కావాలంటే అడగొచ్చు. ఒక్కటే చిక్కు, సోయాతోనూ గోధుమ పిండితోనూ అచ్చం చేపలా, రొయ్యల్లా, తోలుతో సహా కోడి తొడలా చేసి పెడతారు. ముందే చెప్పకపోతే ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోతారు. వాటిని వదిలేసి అన్నం, టోఫు, పుట్టగొడుగులు, తూటికూర వేపుడు చెప్పుకోండి. తూటికూర అక్కడ రోజువారీ కూర, ఎక్కడైనా ఉంటుంది. వెల్లుల్లి, నూనె, ఉప్పుతో మాత్రమే చేయమని, చేపల సాస్, ఆయిస్టర్ సాస్ వద్దని చెప్పాలి. నోటితో చెబితే యాస కలవక అర్థం కాదు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేపల సాస్, ఎముకల రసం ఏవీ తినను అన్న వాక్యాన్ని ముందే వియత్నాం భాషలోకి మార్చుకుని ఫొటోగా ఫోన్లో పెట్టుకోండి. హా లాంగ్ పడవవాళ్లకి రెండు రోజుల ముందే పంపాలి. వంటవాడు రేవులో సరుకు ఎక్కించుకున్నాక మీరేం అడిగినా లేదనే అంటాడు.

మీలో మాంసం తినేవాళ్లకి ఒక మాట. ఫో బో అంటే గొడ్డు మాంసం, ఫో గా అంటే కోడి. పేరు చూడకుండా ఫో అని అడిగితే ముందు వచ్చేది బోనే కావచ్చు. బాన్ మీ శాండ్‌విచ్‌లో పంది మాంసం, లివర్ ముద్ద మామూలుగానే ఉంటాయి.

గదుల్లో నీళ్లు కాచుకునే కెటిల్ దాదాపు అన్ని హోటళ్లలో ఉంటుంది. ఇన్‌స్టంట్ ఉప్మా, అటుకులు, కందిపొడి తీసుకెళ్తే పొద్దుటి పూట గడిచిపోతుంది. ఆవకాయ చెకిన్ సామానులో పెట్టండి, చేతి సంచిలో అయితే భద్రతా తనిఖీలో తీసేస్తారు. సూపర్‌మార్కెట్లో పెరుగు చిన్న కప్పుల్లో ఉంటుంది కానీ ఎక్కువగా తీపి. చక్కెర లేనిది విడిగా అడిగి తీసుకోండి. కొళాయి నీళ్లు తాగొద్దు. ఐసు గొట్టంలా, మధ్యలో చిల్లుతో ఉంటే ఫ్యాక్టరీది, చితక్కొట్టిన ముక్కలైతే వద్దనండి.

మీవారి బైకు కోరికకి సమాధానం వద్దనే. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్నే ఒప్పుకుంటుంది. దుకాణంవాడు లైసెన్సు అడక్కుండానే బండి ఇస్తాడు, అది వాడి వ్యాపారం. పోలీసు ఆపితే జరిమానా, అది 2025 జనవరి నుంచి బాగా పెరిగింది. అసలు దెబ్బ ప్రమాదం జరిగినప్పుడు. చెల్లని లైసెన్సుతో నడిపారని బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, ఆసుపత్రి బిల్లు మొత్తం జేబులోంచే. నిన్ బిన్‌లో సైకిళ్లు అద్దెకిస్తారు, పొలాల మధ్య చదును రోడ్లు, తండ్రీకొడుకులకి అదే బాగుంటుంది. మీలో ఎవరికైనా ఈ-సిగరెట్ అలవాటుంటే ఇంట్లోనే వదిలేయండి, 2025 నుంచి అక్కడ నిషేధం.

అత్తగారు బీపీకో షుగర్‌కో మాత్రలు వేసుకుంటుంటే వాటిని స్ట్రిప్పుల్లోనే ఉంచి, మందు అసలు పేరు రాసిన చీటీతో చేతి సంచిలో పెట్టండి, ప్రయాణం రోజులకన్నా నాలుగు రోజులవి ఎక్కువగా. ప్రయాణ బీమా కొనేటప్పుడు ఆవిడకి ముందునుంచే ఉన్న జబ్బులకి వర్తిస్తుందా అన్న వాక్యం పాలసీలో వెతకండి, చవక పాలసీల్లో ఉండదు. వానలు వెనక్కి తగ్గే రోజుల్లో డెంగీ దోమలుంటాయి, అవి పగలే కుడతాయి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్లొద్దు, డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. గుండెకో, పక్షవాతానికో డాక్టరు రాసి ఆవిడ రోజూ ఆస్పిరిన్ వేసుకుంటుంటే మాత్రం సొంతంగా ఆపకుండా, జ్వరం వస్తే ఏం చేయాలో బయల్దేరేముందే ఆయన్నే అడిగి పెట్టుకోండి. అంబులెన్స్ 115, పోలీసు 113. ఫోన్ ఛార్జర్ రెండు పిన్నులదైతే అక్కడి ప్లగ్గుల్లో దూరుతుంది, మన మూడు పిన్నుల లావుదానికి అడాప్టర్ కావాలి.

ఏజెంటుతోనే వెళ్లాలనుకుంటే ఈ మార్చిన దారి చూపించి ధర అడగండి. ఊళ్లు తగ్గాయి, లోపలి విమానాలు పోయాయి కాబట్టి ధర తగ్గాలి. హోటళ్ల పేర్లు, పడవ పేరు, రద్దయితే వాపసు ఎంత అన్నవి కాగితం మీద ఇవ్వమనండి. "ఫోర్ స్టార్ లేదా దానికి సమానమైనది" అని రాసిస్తే ఒప్పుకోవద్దు, లిఫ్టు లేని హోటల్ అంటగట్టేది ఆ "సమానమైనది" అన్న మాట కిందే.